బిగింపు మేస్త్రీ కిటికీ

కొండ మీది ఆ చెక్క ఇంటికి మంచి పేరు ఎప్పుడూ లేదు.

ఎండాకాలంలో ఫరవాలేదు. పిల్లలు దాని అరుగు మీద ఆడుకునేవారు, ప్రేమికులు దాని గోడల మీద పేర్లు చెక్కుకునేవారు. మంచు పడటం మొదలయ్యాక మాత్రం ఆ ఇంటి మాటెత్తితే కింద ఊళ్ళో టీ కొట్టు దగ్గర కబుర్లు ఆగిపోయేవి. ఎవరి కప్పులోకి వాళ్ళు చూసుకునేవారు. చివరికి ఎవరో ఒకరు గొంతు తగ్గించి అనేవారు — “ఆ కిటికీ...”

కిటికీ సంగతేమిటంటే — మంచు రాత్రి ఆ ఇంట్లో పడుకున్నవాళ్ళు పడక గది కిటికీ మూసి పడుకుంటే, తెల్లారేసరికి అది బార్లా తెరిచి ఉంటుంది. గడియ పెట్టినా అంతే. బల్ల అడ్డం పెట్టినా అంతే.

దీనికో పాత కథ ఉంది. ఆ ఇల్లు కట్టించుకున్న కలప కాంట్రాక్టరు ఒక మంచు రాత్రి పెళ్ళాంతో పోట్లాడి, ఆవిణ్ణి బయటికి గెంటి తలుపేసుకున్నాడట. ఆవిడ రాత్రంతా ఆ కిటికీ బాదుతూనే ఉందట. రెండో నాడు జనం వెళ్ళి చూస్తే కిటికీ కింద మంచులో కొయ్యబారి పడి ఉంది. సరే, చలికి పోయింది పాపం అనుకోవచ్చు. కానీ లోపల కాంట్రాక్టరూ, ఇద్దరు పిల్లలూ కూడా పోయారు! వెచ్చటి దుప్పట్ల కింద, ఒంటి మీద గీత లేకుండా, బుగ్గలు ఎర్రగా, హాయిగా నిద్రపోతున్నట్టు...

అంటే ఏమిటి? చచ్చిన మనిషి లోపలికి దూరి, ముగ్గురి ఊపిరీ పీల్చేసింది. ఊరు అలా తీర్మానించింది. తీర్మానాలు చెయ్యడానికి ఊరికి ఎంతసేపు!

ఇప్పుడు చెప్పబోయేది ఆ తర్వాత చాలా ఏళ్ళకి జరిగింది. ఎవరికి జరిగిందో ఆయన బండి మీద కట్టెలు తోలే కట్టెలాయనకి చెప్పాడు, కట్టెలాయన మాకు చెప్పాడు. విన్నది విన్నట్టే చెబుతున్నాం.

ఆ రోజుల్లో కింద ఊళ్ళో ఒక వడ్రంగి ఉండేవాడు. తలుపులూ, కిటికీలూ చెయ్యడంలో చెయ్యి తిరిగినవాడు. అందరూ ఆయన్ని బిగింపు మేస్త్రీ అనేవారు. ఆయన వేసిన కిటికీ పక్కన దీపం పెడితే, బయట గాలివాన చెట్లు పీకుతున్నా ఆ దీపం రెపరెప అనేది కాదు. ఎక్కడైనా సన్నటి సందు కనిపిస్తే చాలు, అది పూడ్చేదాకా మేస్త్రీకి ముద్ద దిగేది కాదు. చుట్టపు చూపుగా వెళ్ళిన ఇళ్ళల్లో కూడా పలకరింపులు కాకముందే కిటికీ రెక్కలు ఊపి చూసి, “ఎవడయ్యా ఇది బిగించింది? వాడికి చేతులున్నాయా?” అనేవాడు.

మేస్త్రీకి ఉన్న చేతుల్లో కుడి చేతికి ఉంగరపు వేలు సగమే ఉండేది. మిగతా సగం కుర్రతనంలో రంపం తినేసింది.

ఆ సగం వేలంటే ఆయన కూతురికి మహా ఇష్టం. ఒక్కగానొక్క పిల్ల, ఆరేళ్ళది, పుల్లలా ఉండేది. ముద్దుగా ‘పిచ్చుక’ అని పిలిచేవాడు. రోజూ పడుకునే ముందు అది తండ్రి కుడి చెయ్యి తెరిచి, దాని మీద తన అరచెయ్యి ఆనించి కొలుచుకునేది. “నీవి నాలుగున్నర, నావి అయిదు. నేనే గెలిచా” అనేది. “ఎంత పెరిగిందో చూడు నాన్నా” అనేది. ఈ తంతు అయితే గానీ పిల్ల కళ్ళు మూసేది కాదు.

పిచ్చుకకి దగ్గు. పగలు తక్కువ, రాత్రి ఎక్కువ. డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విని చెప్పాడు — “మీ ఇంట్లో ఆ రంపపు పొట్టు దీనికి పడటం లేదు. కొన్నాళ్ళు కొండ గాలి పట్టించండి. చలి మాత్రం ఛాతీకి తగలనివ్వకండి. తగిలిందా, నా చేతుల్లో ఏమీ ఉండదు.”

చలికాలంలో కట్టుబడి పనులు ఉండవు. మేస్త్రీ ఖాళీగానే ఉన్నాడు. చెక్క ఇంటి యజమాని బజారులో గుడ్డల కొట్టు పెట్టుకున్నవాడు. “కిటికీలు బాగుచేసి పెట్టు మేస్త్రీ, ఎన్నాళ్ళయినా ఊరికే ఉండు” అన్నాడు. ఊరికే వస్తే కాదనేవాడెవడు?

అలా నలుగురూ కొండెక్కారు. మేస్త్రీ, ఆయన భార్య, పిచ్చుక, మేస్త్రీ అత్తగారు. అత్తగారిని రమ్మని ఎవరూ అనలేదు. రావద్దని చెప్పే ధైర్యం కూడా ఎవరికీ లేకపోయింది.

వాళ్ళని సామానుతో సహా పైకి తీసుకెళ్ళింది కట్టెలాయన బండి. చెక్క ఇంటి వెనక కట్టెలు దించుతూ ఆయన మేస్త్రీని పక్కకి పిలిచాడు.

“మేస్త్రీ, ఒక్క మాట. రాత్రి ఆ కిటికీ తెరుచుకుంటే తెరుచుకోనీ. ఇంకో దుప్పటి కప్పుకోండి. దాని జోలికి మాత్రం పోకు.”

“పోతే ఏమవుతుంది?”

“ఏమో మరి. ఇన్నేళ్ళలో భయపడి దిగొచ్చినవాళ్ళున్నారు, జలుబు చేసి దిగొచ్చినవాళ్ళున్నారు. దిగిరానివాళ్ళు మాత్రం లేరు.”

మేస్త్రీ నవ్వాడు. “నేను బిగించిన కిటికీ దెయ్యం కాదు కదా, దాన్ని పుట్టించినవాడు దిగొచ్చినా తెరుచుకోదు. ఊళ్ళో చెప్పుకో పో.”

కట్టెలాయన బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఇంట్లో రెండే గదులు. ముందు వంట గది, దాని లోపల పడక గది. పడక గదిలో ఒక మూల ఇనప పొయ్యి, దాని పొగ గొట్టం పైకప్పులోంచి బయటికి. పొయ్యికి ఎదురుగా — ఆ కిటికీ. దాని కిందే పిచ్చుక మంచం వేశారు, పగలు మంచం మీద కూర్చుని కొండలు చూసుకుంటుందని.

మొదటి రాత్రే మంచు మొదలైంది.

ఎప్పుడో పిల్ల దగ్గుకి మేస్త్రీకి మెలకువ వచ్చింది. గది ఒళ్ళు బిగుసుకుపోయేంత చల్లగా ఉంది. చూస్తే కిటికీ రెక్కలు రెండూ గోడకి ఆనుకుని ఉన్నాయి. మంచు రేకులు నింపాదిగా లోపలికొచ్చి పిచ్చుక దుప్పటి మీద పడుతున్నాయి. లేచి మూశాడు. గడియ పెట్టాడు. పాత గడియ, వదులైంది, గాలికి జారింది అనుకున్నాడు.

తెల్లవారుజామున మళ్ళీ తెరిచే ఉంది.

రెండో రోజు గడియ మార్చాడు. కొత్త ఇత్తడి గడియ, వేలు నొప్పి పుట్టేంత బిగువు. ఆ రాత్రీ అంతే. గడియ పైకి ఎత్తి ఉంది — గాలి ఎత్తినట్టు కాదు, మనిషి ఎత్తినట్టు. పిల్ల తెల్లవార్లూ దగ్గింది, పొద్దున్నకి పెదాలు నల్లబడ్డాయి. మేస్త్రీ గుండెలో భయం పుట్టింది. భయం పుడితే కోపం తెచ్చుకోవడం ఆయనకి అలవాటు.

“ఎవరు తీశారు?” అని గట్టిగా అరిచాడు.

భార్య బిత్తరపోయింది. “నేనెందుకు తీస్తానండీ...”

అత్తగారు మంచం మీద లేచి కూర్చుంది. గుసగుసగా చెప్పింది. “ఎవరో ఆడమనిషి నాయనా... నేను చూశాను. పొయ్యి దగ్గర కాసేపు నిలబడింది. తర్వాత వచ్చి పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది... ఊపిరి ఆడుతోందా లేదా అన్నట్టు. అప్పుడు తీసింది కిటికీ.”

“మా అమ్మ అయి ఉంటుంది” అన్నాడు మేస్త్రీ.

“మీ అమ్మ పోయి పదేళ్ళయింది కదయ్యా!”

“అదే చెబుతున్నా. కానీ మా అమ్మే అయితే ముందు మీ పీక పట్టుకునేది అత్తయ్యా. ఊరికే కిటికీ తీసి వెళ్ళిపోదు.”

భార్యకి నవ్వొచ్చింది, తల్లి ముఖం చూసి మింగేసింది. “పోనీ కిందికి దిగిపోదామండీ” అంది మెల్లగా.

దిగడానికి దారేదీ? అప్పటికే మంచు మోకాలి దాకా పడింది. ఇంకా పడుతూనే ఉంది. ఆకాశం ఎక్కడ ఆగిందో, నేల ఎక్కడ మొదలైందో తెలియడం లేదు.

దారి ఉన్నా మేస్త్రీ దిగేవాడు కాదులెండి. ఆయన లెక్క ఆయనకుంది. ఇదంతా ఆ కట్టెలాయన పనే. ఇల్లు పాడుపడి ఉంటే ఎవరూ అడగరు, కట్టెలు దాచుకోవచ్చు. అందుకే ఈ దెయ్యం కథ. బయట నుంచి సన్నటి చువ్వ దూర్చి గడియ ఎత్తుతున్నాడు. సందు ఉంటేనే కదా చువ్వ దూరేది...

మూడో రోజు పొద్దున్నే మేస్త్రీ పనిముట్ల సంచీ విప్పాడు.

ఆ పని చూసి తీరాల్సిందే అంటారు. కిటికీ రెక్కలు రెండింటినీ చట్రానికి ఆనించి మేకులు దిగ్గొట్టాడు. మేకుల మీద అడ్డపట్టీలు. పట్టీల అంచున దుప్పటి చింపిన పేలికలు ఉలితో దూర్చాడు. పేలికల మీద లప్పం. అక్కడితో ఆగలేదు. గోడ చెక్కల మధ్య సందులు, చూరు కింద కంతలు, వంట గది కిటికీ — ఒక్కటీ వదల్లేదు. పిచ్చుక మంచం మీద కూర్చుని మేకులు ఒక్కొక్కటే అందించింది. మధ్యలో కాస్త లప్పం దొంగిలించి పిట్టని చేసి, దానికి మేకు ముక్కు పెట్టింది. తండ్రి చూసి కసురుకుంటే దిండు కింద దాచేసింది.

భార్య వంట గది గుమ్మంలో నిలబడి చూస్తోంది. “గాలి కోసమని ఇంత దూరం వచ్చి, ఆ గాలికే తలుపులేస్తున్నారు” అంది.

“గాలి పగలు పీల్చుకోండి. రాత్రి నిద్రపోండి. దాని ఛాతీకి ఇంకొక్క రాత్రి చలి తగిలిందంటే ఏమవుతుందో డాక్టరు నీకు చెప్పలేదూ?”

ఆవిడ వంట గదిలోకి వెళ్ళిపోయింది. పిల్ల ప్రాణం మాటెత్తితే ఆవిడ ఎప్పుడూ అలాగే తగ్గిపోయేది.

చీకటి పడేసరికి పని అయింది. మేస్త్రీ కొవ్వొత్తి వెలిగించి కిటికీ అంచుల వెంబడి తిప్పాడు. గోడల వెంబడి తిప్పాడు. మంట బొమ్మలో మంటలా నిలబడింది. కదిలితే ఒట్టు. ఇంత చక్కగా తన సొంత ఇల్లు కూడా బిగించుకోలేదనుకున్నాడు.

అత్తగారు కణతలు నొక్కుకుంటోంది. “తల దిమ్ముగా ఉంది నాయనా...”

“మీకు తల తేలిగ్గా ఉన్నదెప్పుడు అత్తయ్యా?”

“నాకూ కాస్త నొప్పిగానే ఉందండీ” అంది భార్య.

“తల్లీకూతుళ్ళు కదా. నొప్పి కూడా పంచుకుంటారు కాబోలు.”

తన జోకుకి తనే నవ్వుకుని, కోటు మీద కోటు తొడిగాడు. వెనక కట్టెల పాకలో కూర్చుంటానన్నాడు. పాకలోంచి ఆ కిటికీ ఎదురుగా కనిపిస్తుంది. వచ్చేవాడు వస్తే మెడ పట్టుకుని ఊళ్ళోకి ఈడ్చుకెళతాడట.

“ఇంత మంచులో ఏ మనిషి వస్తాడండీ?” భార్య ఆయన కోటు అంచు పట్టుకుంది. “వచ్చేది మనిషి కాదేమో... వెళ్ళకండి.”

“మనిషి కాకపోతే మరీ మంచిది. నా బిగింపు చూసి పోతుంది.”

వెళ్ళే ముందు పొయ్యి నిండా లావుపాటి దుంగలు కుక్కాడు, తెల్లవార్లూ ఆరకుండా. పిచ్చుక దుప్పటిలోంచి చెయ్యి బయటికి చాపింది.

“నాన్నా... చెయ్యి.”

అప్పటికే ఆయన చేతులకి తోలు తొడుగులు వేసేసుకున్నాడు. “పొద్దున చూద్దాంలే. పడుకో.”

“కొలవకుండా నేను పడుకోను. మెలకువగానే ఉంటా.”

“ఉండు. ఎంతసేపు ఉంటావో నేనూ చూస్తా” అని దాని ముక్కు పట్టి లాగి బయటికి నడిచాడు.

వీధి తలుపు గాలికి కొట్టుకుంటుందని బయట నుంచి గొళ్ళెం పెట్టాడు. తలుపు కింద సందులో ఒక గోనె సంచీ చుట్టి తన్నాడు. ఇప్పుడు ఆ ఇంట్లోకి చీమ దూరాలన్నా మేస్త్రీని అడగాల్సిందే.

పాకలో కట్టెల మధ్య, మూడు దుప్పట్ల కింద ముడుచుకుని కూర్చున్నాడు. ఒళ్ళో సుత్తి. ఎదురుగా కిటికీ అద్దం, దాని వెనక పొయ్యి వెలుగు ఎర్రగా. మంచు పడుతోంది... చప్పుడు లేకుండా, తెరపి లేకుండా. పైకప్పు మీద దిట్టంగా పేరుకుంది. ఇంటికి ఇంకో ఇల్లు ఎక్కించినట్టుంది.

చెవి ఒగ్గి విన్నాడు. పిచ్చుక దగ్గింది. కాసేపటికి మళ్ళీ దగ్గింది. ఆ తర్వాత...

దగ్గు లేదు.

ఎంతసేపు విన్నా లేదు. రెండేళ్ళుగా రాత్రి పూట ఆ దగ్గు వినని గంట లేదు. మేస్త్రీకి కళ్ళు చెమ్మగిల్లాయి. ‘చలి ఆగింది. దగ్గు ఆగింది. ఇంతే కదా కావలసింది’ అనుకున్నాడు. సగం వేలు గుంజుతుంటే చంకలో పెట్టుకున్నాడు.

అప్పుడు చూశాడు...

కిటికీ ముందు ఎవరో ఉన్నారు.

రావడం చూడలేదు. మంచు కాస్త చిక్కబడింది, చిక్కబడిన చోట ఒక ఆడమనిషి. జుట్టు విరబోసుకుని ఉంది. ఒంటి మీద పల్చటి బట్ట. కిటికీ చట్రం అంచుల్లో వేళ్ళు దూర్చడానికి చూస్తోంది. పైన చూసింది. పక్కన చూసింది. కింద చూసింది. ఎక్కడా వేలు దూరలేదు.

మేస్త్రీ ఒంట్లో నెత్తురు గడ్డకట్టింది. గడ్డకట్టినా — నిజం చెప్పుకోవాలి — ఆ భయం అడుగున ఎక్కడో ఒక సంతోషం కూడా కదిలింది. దూరదు! ఎక్కడా దూరదు!

ఆవిడ రెండు చేతులతో అద్దం బాదడం మొదలుపెట్టింది. చప్పుడు మాత్రం రాలేదు. బాదుతూ బాదుతూ, చటుక్కున ఇటు తిరిగింది. ముఖం ఉండాల్సిన చోట మంచు సుడి తిరుగుతోంది. చెయ్యి పైకెత్తింది. ఇంటి కప్పు మీదికి చూపించింది. మళ్ళీ మళ్ళీ చూపించింది.

మేస్త్రీ పైకి చూశాడు. ఏముంది? మంచు. పొగ గొట్టం ఉండాల్సిన చోట కూడా తెల్లటి గుట్ట. పొగ రావడం లేదు. పొయ్యి మంట తగ్గింది కాబోలు, లోపల వెచ్చగానే ఉంటుందిలే అనుకున్నాడు.

ఆవిడ చేతులు జోడించింది.

దెయ్యం తనకి చేతులు జోడించడమేమిటి! మేస్త్రీ సుత్తి పట్టుకుని లేచి నిలబడ్డాడు.

“బతిమాలతావా? పిల్లల ఊపిరి తాగేదానివి, నన్ను బతిమాలతావా? తియ్యి... తియ్యి చూద్దాం! నా చేతి పని అది!”

ఆవిడ జోడించిన చేతులు దించేసింది. తర్వాత కిటికీ కింద, గోడకి ఆనుకుని, మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుండిపోయింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. మేస్త్రీ చూస్తూ ఉన్నాడు. చూస్తూ ఉండగానే ఆ మనిషి మంచులో కలిసిపోయింది. ఇంక అక్కడ ఎవరూ లేరు.

గెలిచాను అనుకున్నాడు మేస్త్రీ.

కిటికీ దగ్గరికి నడిచాడు. ఆవిడ కూర్చున్న చోట మంచు మీద అడుగు గుర్తు కూడా లేదు. అద్దం నిండా పొగమంచు గడ్డకట్టి తెల్లగా ఉంది, లోపల ఏమీ కనిపించలేదు. పని పూర్తయ్యాక బిగింపు చెయ్యి పెట్టి చూసుకోవడం ఆయనకి అలవాటు. తొడుగు తీశాడు. కుడి అరచెయ్యి అద్దానికి ఆనించి గట్టిగా నొక్కాడు.

రెక్క వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

అలాగే ఉంచాడు కాసేపు. చిత్రం... ముందు సూదుల్లా గుచ్చిన అద్దం, మెల్లగా ఆయన అరచేతి కింద గోరువెచ్చగా తగిలింది. ఒక్క అరచేతి మేర మాత్రమే. ‘లోపల ఎంత వెచ్చగా ఉందో’ అనుకుని మురిసిపోయాడు. పిల్లని లేపడం ఎందుకని పిలవలేదు.

పాకకి తిరిగొచ్చి దుప్పట్లు కప్పుకున్నాడు. పెళ్ళయ్యాక అంత హాయిగా ఆయన ఎప్పుడూ నిద్రపోలేదట.

తెల్లారింది. మంచు ఆగింది. ఎండ కొండల మీద పడి కళ్ళు చెదురుతున్నాయి. మేస్త్రీ లేచి ముందు కిటికీ చూశాడు. వేసిన మేకు వేసినట్టే ఉంది. మంచు తొక్కుకుంటూ వీధి తలుపు దగ్గరికి వెళ్ళి గొళ్ళెం తీశాడు.

“ఏమే! చూశావా? తెరుచుకుందా?”

పలకలేదు.

పడక గదిలో పొయ్యి ఆరిపోయి ఉంది. గాలి మందంగా ఉంది. ముందు కనిపించింది పిచ్చుక. మంచం మీద కిటికీ వైపు తిరిగి, గోడకి తల ఆనించి కూర్చునే నిద్రపోయింది. బుగ్గలు ఎర్రగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. పుట్టాక ఆ పిల్ల బుగ్గల్లో అంత రంగు ఆయన చూడలేదు. కొండ గాలి పనిచేసింది! డాక్టరు మాట నిజమే!

నిద్ర చెడుతుందని మునివేళ్ళ మీద దగ్గరికి వెళ్ళాడు. జారిన దుప్పటి పైకి లాగి కప్పాడు. నుదుటి మీద చెయ్యి వేశాడు.

వేసిన చెయ్యి తియ్యలేకపోయాడు.

తర్వాత చూశాడు అత్తగారిని. ఆవిడ బుగ్గలూ ఎర్రగానే ఉన్నాయి. భార్య మంచం మీద లేదు. వంట గదిలోకి వెళ్ళే గుమ్మంలో బోర్లా పడి ఉంది, ఒక చెయ్యి వీధి తలుపు వైపు చాపి. ఆవిణ్ణి దాటుకునే లోపలికి వచ్చాడు మేస్త్రీ. కిటికీ చూడాలన్న ఆత్రంలో కాలి కింద ఏముందో చూడనే లేదు.

కింద ఊళ్ళో కట్టెలాయన పొద్దున్నే కొండ మీదికి చూశాడట. చెక్క ఇంటి మీద పొగ లేదు. ఇంత చలిలో పొగ లేకపోవడమేమిటని పార భుజాన వేసుకుని, మంచు తవ్వుకుంటూ పైకి వచ్చేసరికి మధ్యాహ్నమయింది. ముగ్గురినీ చూశాడు. బుగ్గలు చూశాడు. చిన్నప్పుడు ఇదే ఇంట్లో ఇంకో ముగ్గురి బుగ్గలు చూసినవాడాయన.

బయటికి వెళ్ళి, చూరు మీదికి పాకి, పొగ గొట్టం ఉండాల్సిన చోట పారతో కొట్టాడు. బానంత మంచు గడ్డ విరిగి కింద పడింది. గొట్టం నోరు అప్పుడు బయటపడింది.

లోపలికొచ్చి గుమ్మం దగ్గర కూలబడ్డాడు.

“పొయ్యి పొగ పైకి పోలేదు మేస్త్రీ... మొత్తం లోపలే తిరిగింది. ఆ కాంట్రాక్టరూ, పిల్లలూ ఇలాగే పోయారు. మా బుర్రకి ఇన్నేళ్ళూ తట్టలేదు. అప్పుడు ఆవిడ లోపలికి రావాలని బాదలేదు. వాళ్ళని లేపాలని బాదింది. ఇప్పటికీ... గాలి ఆడాలనే తీస్తోంది ఆ కిటికీ.”

మేస్త్రీ విన్నాడో లేదో తెలియదు. పిల్లని ఒళ్ళో పెట్టుకుని కిటికీ వైపు చూస్తున్నాడు. పిల్ల ఎడమ గుప్పిట్లో లప్పంతో చేసిన పిట్ట ఉంది. కుడి చెయ్యి తెరిచి ఉంది.

ఎండ తిన్నగా అద్దం మీద పడుతోంది. అద్దం నిండా మంచు పట్టి ఉంది, ఒక్కచోట తప్ప. అక్కడ బయటి వైపు ఒక పెద్ద అరచేతి అచ్చు, అంచులు కరిగి, స్పష్టంగా. నాలుగున్నర వేళ్ళది.

సరిగ్గా దాని మధ్యలో, లోపలి వైపు, ఇంకో అరచెయ్యి. చిన్నది. అయిదు వేళ్ళూ ఉన్నది.